మూడో చెవి

ఐజాక్ గడప దాటలేదు.

రెబెకా నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి చాలాసేపయింది. తండ్రి ఆ చెంబు వైపు చూడనైనా చూడలేదు. ఆయన ఒంటి మీద భుజం దగ్గర చిరిగిన చొక్కా అట్లాగే ఉంది. ఆదివారం పోలీసులు కొడుకు ఇమ్మానుయేల్‌ను జీపెక్కిస్తుంటే అడ్డం పడినప్పుడు చిరిగిన చొక్కా అది.

"లోపలికి రా నాయనా. ఎండలో పడి వచ్చినావు. ఈ నీళ్ళన్నా తాగు."

"ఈ ఇంట్లో నేను నీళ్ళు తాగను."

లోపల ఉగ్గాని తాలింపు మాడుతున్న వాసన వస్తోంది. జయచంద్ర వెళ్ళి స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. అతను ఐజాక్‌కు అల్లుడే కాదు, సొంత చెల్లెలి కొడుకు. పసితనంలోనే తల్లి పోతే ఐజాక్ తన ఇంటికి తెచ్చుకుని పెంచాడు. పెద్దయ్యాక రెబెకానిచ్చి చేశాడు.

"మామా, ఇంత దూరం బస్సులో వచ్చి బయట నిలబడితే ఎట్ల? పక్కింటోళ్ళు చూస్తాండారు."

"చూడనీలే అల్లుడా. నేను వచ్చింది ఈయమ్మిని ఒగ మాట అడిగేదానికి. అడిగి పోతా." ఐజాక్ కూతురి వైపు తిరిగాడు. "ఆదివారం పొద్దున దావ కాడ కాపలా ఉండదని ఎవురికి చెప్పినావు?"

రెబెకా చేతిలో చెంబు తొణికింది.

ఆ దావ వాళ్ళ ఊరి నుంచి గుట్ట మీది మేతకు పోయే బండిబాట. గొర్రెలకైనా, కూలికి పోయే ఆడవాళ్ళకైనా అదొక్కటే దారి. సోలార్ కంపెనీ దానికి అడ్డంగా కంచె వేస్తుందని తెలిసినప్పటి నుంచీ ఊరు వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు అక్కడ కూర్చుంది. ఆదివారం మాత్రం బత్తలపల్లెలో కొత్త చర్చి తెరిచి, అందరికీ భోజనాలు పెడుతున్నారంటే ఊరంతా కదిలిపోయింది. దావ దగ్గర ముసలి సిద్దమ్మ ఒక్కతే మిగిలింది. సరిగ్గా ఆ వేళకే జేసీబీలు వచ్చాయి. వాటి వెనక పోలీసులు వచ్చారు. సంగతి తెలిసి జనం పరుగెత్తుకొచ్చేసరికి గుంజలు పాతడం అయిపోయింది. అడ్డం పోయిన ఇమ్మానుయేల్‌ను పోలీసులు పట్టుకున్నారు.

"ఊర్లో అందరికీ తెలుసు కదా నాయనా? ఎవురు చెప్పినారో ఏమో!"

"తెలుసు. కాదనలే. ఒగ మాట మాత్రం ఊర్లో ఎవురికీ తెల్దు." ఐజాక్ గొంతు తగ్గింది. "శుక్రవారం నీ ఆఫీసుకు ఫోన్ చేసినా. ఆదివారం దావకు కాపలా సిద్దమ్మ, సిద్దమ్మకు కాపలా కుంటికుక్క అంటి. నువ్వు నవ్వితివి. గుర్తుండాదా?"

"ఉండాది."

"ఆ కంపెనీ మనిషి జీపు దిగి నేరుగా సిద్దమ్మ దగ్గరికి పోయి, ఏమవ్వా, నీకు కాపలా ఉండే కుంటికుక్క యాడ అన్నాడంట. పండ్లు బయటపెట్టి నవ్వినాడంట. ఆ ముసల్ది నాకు చెప్పి చెప్పి ఏడ్చింది. ఆ మాట నేను ఇంకెవురి దగ్గరా అనలేదు రెబెకా. నీతోనే అన్నా."

రెబెకా గడప దగ్గరికి జరిగింది.

"నేను ఎవురికీ చెప్పలే నాయనా. దేవుడి మీద ఆన."

"మీ బావకు?"

"బావకు గూడా చెప్పలే. ఆ పొద్దు లేటుగా వచ్చినాడు. నేను పండుకొని ఉంటి."

ఐజాక్ అల్లుడి వైపు చూశాడు. జయచంద్ర తల అడ్డంగా ఊపాడు. తర్వాత గొంతు సవరించుకుని, చాలా మెత్తగా అన్నాడు.

"పోనీలే మామా. ఆఫీసులో నలుగురితో మాట్లాడతా యాడో నోరు జారి ఉంటాది. కావాలని చేసిండదు. వదిలెయ్యి."

రెబెకా చటుక్కున అతని వైపు తిరిగింది. తన పక్షాన మాట్లాడినట్టే ఉంది ఆ మాట. కానీ ఆ ఒక్క మాటతో ఆమె తప్పు చేసినట్టు తేలిపోయింది.

"కావాలని చేసినా, నోరు జారినా, నా కొడుకు లోపలే ఉండాడు కదప్పా," అన్నాడు ఐజాక్.

చెప్పులు తొడుక్కుని వీధిలోకి నడిచాడు. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

రెబెకా చెంబు గడప మీదే పెట్టింది.

"నేను నోరు జారినానని నీకెవురు చెప్పినారు?"

"ఆయప్పను శాంతపరిచేదానికి అన్నాలే."

"నన్ను దొంగను చేసి శాంతపరిచినావా?"

జయచంద్ర బండి తాళాలు తీసుకున్నాడు. "వస్తావా?" అని అడిగాడు. ఆమె తల పక్కకు తిప్పుకుంది. అతను బండి మీద వెళ్ళిపోయాడు. ఆమె ఆటో ఎక్కింది. ఇద్దరూ పోయేది ఒకే ఆఫీసుకు.

*

'భూమిగోడు' సంస్థను లక్ష్మీపతి కొన్నేళ్ళ కిందట అనంతపురంలో ఒక అద్దె మేడలో మొదలుపెట్టాడు. విత్తనం మొలవలేదన్నా, బోరు ఎండిందన్నా, పొలం గట్టు తగాదా అన్నా ఊళ్ళ నుంచి రైతులు ఫోన్ చేస్తారు. రీచార్జి అయిపోయిన సెల్లు నుంచి కూడా పోయే నంబరు అది. హాల్లో వరసగా కూర్చున్న ఆడపిల్లలు, మగపిల్లలు ఆ ఫోన్లు ఎత్తుతారు. "మీ మాట మా దగ్గరే ఉంటుంది, భయపడకుండా చెప్పండి" అనేది వాళ్ళు మొట్టమొదట అనాల్సిన మాట.

ఆ ఫోన్లన్నిటినీ చూసుకునేది రెబెకా. అవి పాత టెలిఫోన్లు కావు. కంప్యూటర్లకు పోయే కేబుల్ మీదే మాట కూడా పోయే ఇంటర్నెట్ ఫోన్లు. ఏ బల్లకు ఏ నంబరు, ఏ ఊరి కాల్ ఎవరికి పోవాలి, ఒకరు సెలవు పెడితే ఎవరి ఫోన్ మోగాలి, అంతా ఆమె తన అద్దాల గదిలో కూర్చుని కంప్యూటర్లో అమర్చిపెడుతుంది. కొత్తగా చేరినవాళ్ళు రైతులతో ఎట్లా మాట్లాడుతున్నారో పెద్దవాళ్ళు చప్పుడు లేకుండా వినే ఏర్పాటు కూడా అందులో ఒకటుంది. శిక్షణ జరిగిన రోజుల్లో దాన్ని పెట్టింది రెబెకాయే. శిక్షణ అయ్యాక తీసేసిందీ ఆమే.

ఆ ఉదయం ఆమె కుర్చీలో కూర్చోకముందే లక్ష్మీపతి వచ్చాడు.

"ఏమ్మా రెబెకా, మీ తమ్ముని సంగతి తెలిసింది. లాయరుతో మాట్లాడతాండా. నువ్వు దిగులు పెట్టుకోవాకు. నేను లేనా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దున్నుంచీ ఆమెతో మెత్తగా మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

ఆయన వెళ్ళిన కాసేపటికి ఆమె బల్ల మీది ఫోన్ మోగింది. తల్లి సుంకమ్మ. సెల్లులో దుడ్లు లేనప్పుడల్లా రైతుల నంబరుకే చేసి, రెబెకా నంబరు నొక్కడం ఇంట్లో అందరికీ అలవాటు.

"పాపా, మీ నాయన ఆడికి వచ్చినాడా?"

"వచ్చినాడు. పోయినాడు."

"ఏమన్నా తిన్నాడా?"

"నీళ్ళు గూడా తాగలే అమ్మా."

రెబెకా ఎదుట కంప్యూటర్ తెర మీద ఆఫీసులోని ఫోన్లన్నీ చిన్న చిన్న గడులుగా కనిపిస్తున్నాయి. ఎవరి ఫోన్ పనిలో ఉంటే వాళ్ళ గడి ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆమె ఫోన్ ఎత్తగానే ఆమె గడి వెలిగింది. దాంతోపాటే ఇంకో గడి కూడా వెలిగింది. అది జయచంద్రది.

ఆమె మొదట పట్టించుకోలేదు. అతనికీ ఏదో కాల్ వచ్చి ఉంటుందనుకుంది. కానీ బయటి నుంచి కాల్ వస్తే గడిలో వాళ్ళ నంబరు కూడా కనిపించాలి. అతని గడిలో ఏ నంబరూ లేదు.

ఆమె తల ఎత్తి అద్దంలోంచి హాల్లోకి చూసింది. కిటికీ పక్క బల్ల దగ్గర జయచంద్ర రిసీవర్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. పెదవులు కదలడం లేదు. చేతిలో కలం లేదు.

ఫోన్లో తల్లి ఏడుస్తోంది.

"రాత్రంతా కండ్లు మూయలే పాపా మీ నాయన. నా కడుపున పుట్టింది నన్ను అమ్మేసింది, నా చెల్లెలు కన్నోడే నాకు మిగిలినాడు అని ఒగటే ఏడుపు. ఆయప్ప అట్ల ఏడ్చేది నేను ఎప్పుడూ చూడలే."

అద్దం అవతల జయచంద్ర తల వంచుకున్నాడు. బొటనవేలితో, చూపుడువేలితో రెండు కళ్ళూ ఒత్తుకున్నాడు.

రెబెకా అతని మీంచి చూపు తిప్పలేదు.

"అమ్మా, ఒక్క నిమిషం ఉండు," అంది. ఆమె లేవలేదు. గొంతు పెంచలేదు. రిసీవర్లోకే, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు అంది.

"బావా, ఫోన్ పెట్టు."

జయచంద్ర ఉలిక్కిపడ్డాడు. తలుపు వేసి ఉంది, మధ్యలో అద్దం ఉంది, హాలంతా మాటల రొద. ఆమె మాట అతనికి చేరడానికి ఉన్న దారి ఒక్కటే. అతను తల తిప్పి ఆమెను చూశాడు. ఆమె కూడా చూస్తూనే ఉంది. అతని చెయ్యి నెమ్మదిగా కిందికి దిగి రిసీవర్ పెట్టేసింది.

తెర మీద అతని గడి ఆరిపోయింది.

"ఎవురితో అంటాండావు పాపా?" సుంకమ్మ ఏడుపు ఆగింది. "జయచంద్రుడు వింటాండాడా మన మాటలు?"

"వింటాండె అమ్మా. ఇంతసేపూ వింటాండె. శుక్రవారం గూడా విన్నాడు."

అవతల సుంకమ్మ ఏమీ అనలేదు. రెబెకాయే ఫోన్ పెట్టేసింది.

*

ఆమె గదిలోంచి బయటికి వచ్చేసరికి అతని కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపటికి మేడ మెట్ల మలుపులో కనిపించాడు. ఆమె కోసమే నిలబడినట్టున్నాడు.

"ఎప్పట్నుంచి?"

జయచంద్ర కింది మెట్ల వైపు చూశాడు.

"నిన్నే బావా. ఎప్పట్నుంచి వింటాండావు?"

"నువ్వు చికున్‌గున్యాతో మంచం పట్టినప్పట్నుంచి."

అప్పుడు కీళ్ళనొప్పులతో ఆమె చెయ్యి పైకి లేచేది కాదు. ఫోన్లలో ఏదైనా చెడితే చూడమని తన పాస్‌వర్డ్ అతనికి చెప్పింది. గంజి తాగిస్తూ అతను దాన్ని చిన్నపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. నొప్పుల్లో కూడా ఆమెకు నవ్వొచ్చింది.

"ఎవురు వినమన్నారు?"

"సారు. మొదట కొత్త పిల్లోళ్ళవి వినమన్నాడు. నాకు తప్పనిపించలే. మళ్ళ పామిడి తట్టు నుంచి, బత్తలపల్లె తట్టు నుంచి వచ్చేవి వినమన్నాడు. భూముల గురించి, కంచెల గురించి ఎవురేం మాట్లాడినా తనకు చెప్పమన్నాడు. కంపెనీ వాళ్ళు సారును కలుస్తాండారని నాకు శానా దినాల తర్వాత తెలిసింది."

"తెలిసినాక మానేసినావా?"

అతను గోడకేసి చూశాడు.

"మానలే నువ్వు. ఆ తర్వాత నా ఫోన్ గూడా విన్నావు," అంది రెబెకా.

"నీ లైను నేను వినకుంటే ఇంకొగన్ని పెడతా అన్నాడు రెబెకా. బయటోడు వినేదానికన్నా నేను వింటే మేలు కదా అనుకున్నా. చెప్పకూడని మాట ఉంటే వదిలేయొచ్చు అనుకున్నా. నిజంగా శానా మాటలు వదిలేసినా."

"కుంటికుక్క మాట ఎందుకు వదల్లే?"

ఆ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు.

"నవ్వొచ్చింది," అన్నాడు చివరికి. "మామ మాట కదా. చిన్నప్పట్నుంచీ ఆయప్ప మాటలకు నవ్వి నవ్వి పెరిగినా. సారు దగ్గర చెప్తా చెప్తా నవ్వుకుంటా అనేసినా."

రెబెకా మెట్ల కమ్మీ పట్టుకుంది. డబ్బుకు చేశానంటే ఆమె తిట్టేది. పగతో చేశానంటే కొట్టేదేమో. ఈ మాటకు ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

"పొద్దున ఆయన ఎదురుగా నిలబడి, నేను నోరు జారినానంటివే బావా. అదెట్ల అనబుద్ధయింది నీకు?"

"ఇంకేం చెయ్యమంటావు? నేనే అని ఆయప్ప మొగం చూసి చెప్పమంటావా? నన్ను భుజాల మీద ఎత్తుకొని తిప్పిన మనిషి." జయచంద్ర చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు కన్నకూతురివి. నిన్ను ఎప్పటికైనా క్షమిస్తాడు. నన్ను క్షమించడు."

పై మెట్ల మీద ఎవరో చెప్పుల చప్పుడుతో దిగి, వీళ్ళను చూసి, వెనక్కి ఎక్కిపోయారు.

"ఇంక గమ్మునుండు," అన్నాడు జయచంద్ర లోగొంతుకతో. "సాయంత్రానికి ఇమ్మానుయేల్‌ను ఇంటికి తెప్పిస్తానని సారు మాటిచ్చినాడు. ఇప్పుడే మాట్లాడి వచ్చినా. నువ్వు నోరెత్తితే అదీ పాయె."

"ఇప్పుడే అంటే?"

"ఫోన్ పెట్టినంక."

"ఫోన్ పెట్టినంక నా దగ్గరికి రాలే. ఆయన దగ్గరికి పోయినావు."

జయచంద్ర ఏదో అనబోయాడు. ఆమె వినడానికి నిలబడలేదు.

*

రెబెకా అద్దాల గది తలుపుకు లోపల గడియ పెట్టుకుంది.

వినే ఏర్పాటు పేజీ తెరిచేటప్పుడు ఆమె చూడబోయేది తన నంబరే అనుకుంది. కానీ అక్కడ హాలంతా ఉంది. రైతులతో మాట్లాడే ప్రతి బల్లా ఉంది. మరిది తన చేను దున్నుకుంటున్నాడని పామిడి నుంచి ఫోన్ చేసి ఏడ్చే విధవరాలు ఆమెకు గుర్తుకొచ్చింది. "ఈ మాట బయట అనాకండమ్మా, నన్ను ఊర్లో ఉండనీరు" అని ప్రతిసారీ బతిమాలుకునేది ఆయమ్మ.

రెబెకా ఒక్కొక్క బల్లనూ అందులోంచి తీసేసింది. పాస్‌వర్డ్ మార్చింది. అప్పుడు తలెత్తితే అద్దం అవతల లక్ష్మీపతి నిలబడి ఉన్నాడు.

ఆయన తలుపు తట్టలేదు. అందరూ చూస్తున్నారని కాబోలు, దగ్గర్లోని బల్ల మీది ఫోన్ ఎత్తి ఆమె నంబరు నొక్కాడు. ఆమె ఎత్తింది. ఇద్దరూ అద్దంలోంచి ఒకరినొకరు చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకున్నారు.

"తొందరపడాకు రెబెకా. కూర్చొని మాట్లాడుకుందాం."

"ఆ ముసలామె ఒక్కతే ఉంటాదని కంపెనీకి చెప్పింది మీరేనా సార్?"

"అవన్నీ ఇప్పుడొద్దు. ఒగటి ఆలోచించు. ఈ ఫోన్ల బాధ్యత ఎవురిది? రేపు ఎవురన్నా వచ్చి అడిగితే ఎవురి పేరు బయటికొస్తాది? నాదా, నీదా?" ఆయన ఇంకా నవ్వుముఖంతోనే ఉన్నాడు. "పైగా మీ తమ్ముడు. పిల్లోడు. సాయంత్రానికి ఇంటికి రావాల్నా, వద్దా?"

ఇమ్మానుయేల్ చిన్నప్పుడు చీకట్లో ఒక్కడే పడుకోలేకపోయేవాడు. ఇప్పటికీ గదిలో దీపం ఆర్పనివ్వడు. ఆ సంగతి అద్దం అవతలి మనిషికి తెలుసో లేదో రెబెకాకు తెలియదు. అది కూడా ఎప్పుడో ఫోన్లో తల్లితో అనే ఉంటుంది.

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఒక్క నంబరు నొక్కితే చాలు, ఆఫీసులోని ఫోన్లన్నిటి స్పీకర్లలోనూ ఒకేసారి మాట వినపడుతుంది. పంద్రాగస్టున జెండా దగ్గరికి అందరినీ పిలవడానికి తప్ప దాన్ని ఎవరూ వాడరు. రెబెకా ఆ నంబరు నొక్కింది.

"నేను రెబెకాను మాట్లాడతాండా."

హాల్లో ప్రతి బల్ల మీద నుంచీ ఆమె గొంతు లేచింది. మాట్లాడుతున్నవాళ్ళు ఆగిపోయి తమ ఫోన్ల వైపు చూశారు.

"మీరు రైతులతో మాట్లాడిన మాటలు మీకు తెలియకుండా విన్నారు. విని, కంచె వేసే కంపెనీకి చెప్పినారు. వినింది నా మొగుడు జయచంద్ర. వినమనింది లక్ష్మీపతి సారు. దానికి వాడింది నా పాస్‌వర్డు. ఇప్పుడు మీ లైన్లో రైతులు ఎవురన్నా ఉంటే ఈ మాట వాళ్ళకు చెప్పండి. ఇంకేమీ చెప్పాకండని చెప్పండి."

రెబెకా రిసీవర్ పెట్టేసింది.

మూల బల్ల దగ్గర కొత్తగా చేరిన ఈశ్వరి అనే పిల్ల, ఎర్రబడిన ముఖంతో, చేతిలోని రిసీవర్లో మెల్లగా అంది.

"అన్నా, ఫోన్ పెట్టేయండన్నా. దండం పెడతా, పెట్టేయండి."

లక్ష్మీపతి ముఖంలో నవ్వు అప్పుడు పోయింది.

*

బత్తలపల్లెలో బస్సు దిగి, షేరింగ్ ఆటోలో ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. దారి పొడుగునా కొత్త ఇనుప గుంజలు. వాటి అవతల మేకలు ఎటు పోవాలో తెలియక గుంపుగా నిలబడి అరుస్తున్నాయి.

రెబెకా దారంతా ఒక్కటే అనుకుంటూ వచ్చింది. నాయనకు నిజం చెప్తాను. ఆయన ఏడుస్తాడు. తర్వాత నా చేతి నీళ్ళు తాగుతాడు.

ఐజాక్ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. సుంకమ్మ గోడకానుకుని కింద కూర్చుంది. కూతురిని చూసి ఎవరూ లేవలేదు.

"అల్లుడు ఫోన్ చేసినాడు," అన్నాడు ఐజాక్.

రెబెకా వాకిట్లోనే ఆగింది. "ఏం చెప్పినాడు?"

"ఏం చెప్పినాడో మళ్ళ చూస్తాం. నేనడిగేదానికి చెప్పు. ఆ దొంగగా వినే ఏర్పాటు పెట్టింది నువ్వేనా?"

"పెట్టింది నేనే. కొత్త పిల్లోళ్ళ కోసం పెట్టినా. మళ్ళ నేనే తీసేసినా నాయనా."

"ఆ పాస్‌వర్డు నీదేనా?"

"నాదే."

"ఆ ఫోన్లన్నీ నీ చేతి కిందవేనా?"

"నా చేతి కిందవే."

"అయితే వాడేం చేసినట్ల?"

చెప్పిన ప్రతి మాటా నిజమే. ప్రతి నిజమూ ఆమె మీదికే తిరిగింది.

"బావ విన్నాడు నాయనా. నా పాస్‌వర్డుతో విన్నాడు. నీ మాట కంపెనీకి పోయింది బావ నోట్లోంచే. ఈ పొద్దు నా కండ్లారా చూసినా. అప్పుడు ఫోన్లో ఉండింది అమ్మే. అమ్మను అడుగు."

ఐజాక్ భార్య వైపు తిరిగాడు. "ఏమంటాది సుంకమ్మా ఇది?"

సుంకమ్మ కొంగు చివర ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది.

"నువ్వు గమ్మున ఉండుంటే ఈపాటికి నా కొడుకు ఇంట్లో ఉండేవాడు," అంది కూతురిని చూడకుండా. "జయచంద్రుడు అంతా సరిచేసి పెట్టినాడంట. నువ్వు అందరి ముందర అరిచి చెడగొట్టినావంట."

"అమ్మా, నన్ను మళ్ళ తిట్టు. ముందు ఇది చెప్పు. బావా ఫోన్ పెట్టు అని నేను అన్లేదా? వింటాండాడా అని నువ్వే నన్ను అడగలేదా?"

సుంకమ్మ కొంగు ముడి బిగించింది.

"అమ్మా."

"ఆ సారు ఇంకా మాట మీదే ఉండాడంట పాపా." తల్లి నేల చూపులతోనే అంది. "నువ్వు తప్పు నీదని ఒప్పుకొని ఒగ మాట చెప్తే, రేపు పొద్దున్నే పిల్లోన్ని ఇంటికి పంపిస్తారంట. ఒగ మాటే కదా. నువ్వు బయటుండావు. వాడు లోపలుండాడు."

"నేను అడిగింది అది కాదమ్మా. విన్నావా, లేదా?"

సుంకమ్మ మొదటిసారి తలెత్తింది. కూతురి ముఖం చూసి, మొగుడి ముఖం చూసి, తిరిగి నేల చూసింది.

"నాకేమీ వినపళ్ళే," అంది.

ఐజాక్ భార్యను చాలాసేపు చూశాడు. కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఆమె అబద్ధం ఆడితే గొంతు ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియనిది కాదు. ఏదో అంటాడని రెబెకా ఎదురుచూసింది. ఆయన మంచం మీద ఒరిగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సుంకమ్మ ఒడిలో సెల్లు మోగింది. వెలిగిన తెర మీద జయచంద్ర ఫోటో. ఆమె దాన్ని కొంగు కింద దాచబోయింది. అది ఆగి, మళ్ళీ మోగింది.

రెబెకా భుజానికి సంచి తగిలించుకుంది.

"ఎత్తమ్మా," అంది. "నేను వినను."

వాకిలి దాటి, కంచె గుంజల వెంబడి రోడ్డు వైపు నడిచింది. వెనక ఫోన్ మోగుతూనే ఉంది. రోడ్డు చేరకముందే మోత ఆగిపోయింది. తల్లి ఎత్తిందో, విసిగి జయచంద్రే పెట్టేశాడో, ఆమె నిలబడి చూడలేదు.